నీడ చెట్టా, పళ్ల చెట్టా? మంచు పడే ఊళ్లో ఒక పెరడు, విశాఖ నుంచి కొన్ని లెక్కలు

ఫిబ్రవరిలో ఒక ఆదివారం రాత్రి ఎనిమిదింటికి మా మేనకోడలు అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని మిన్నియాపోలిస్ నుంచి వీడియో కాల్ చేసింది. వాళ్లకి పొద్దున్న ఎనిమిదిన్నర. ఇక్కడ మా పెరట్లో మామిడి పూత వాసన గుప్పుమంటోంది. అక్కడ కిటికీ బయట మోకాలి లోతు మంచు. ఇల్లు కొనుక్కుని ఆరు నెలలైంది. మంచు కరిగేలోగా ఒక సంగతి తేల్చుకోవాలట.

“మావయ్యా, పెరట్లో ఒక్క చెట్టుకే జాగా ఉంది. మా ఆయనేమో నీడ చెట్టు వేద్దామంటారు. నాకు పళ్ల చెట్టు కావాలి. ఏది వెయ్యాలో నువ్వు చెప్పు” అంది.

నేను వెంటనే ఏమీ చెప్పలేకపోయాను. మన ఊళ్లో ఈ ప్రశ్న పుట్టదు. పుట్టని ప్రశ్నకి జవాబు ఎక్కణ్నుంచి తెస్తాం? చింతచెట్టు కింద బండి ఆపుకుంటాం, దాని కాయతోనే పులుసు పెట్టుకుంటాం. మామిడి కింద మంచం వేసుకుంటాం, ఆ కొమ్మ కాయే ఆవకాయ జాడీలోకి వెళ్తుంది. పనస, నేరేడు, బాదం అన్నీ అంతే. కేవలం నీడ కోసమే వేసేవి అంటే కానుగ, వేప లాంటి కొన్ని. మన దృష్టిలో చెట్టు అంటేనే నీడా పండూ కలిసిన వస్తువు. మా మేనకోడలు కూడా ఆ బుర్రతోనే అక్కడికి వెళ్లింది. “మామిడి లాంటిది ఏదైనా ఉండదా అక్కడ?” అని కూడా అడిగింది.

ఉండదు. ఎందుకు ఉండదో తెలిస్తే ఆమె ప్రశ్నలో సగం చిక్కు వీడిపోతుంది.

మామిడి ఏడాది పొడవునా ఆకు నిలుపుకుంటుంది. వదిలేస్తే నలభై, యాభై అడుగులు పెరుగుతుంది, ఆ కొమ్మల చివర్లే పూస్తాయి, కాస్తాయి. కాబట్టి పెద్ద చెట్టు, దట్టమైన నీడ, పండు ఒకదానికొకటి అడ్డురావు. చలిదేశంలో ఆ మూడూ విడిపోయాయి. మైనస్ ముప్పై డిగ్రీలకి తట్టుకుని ఆకాశమంత ఎదిగే చెట్లు ఓక్, మేపుల్, లిండెన్ లాంటివి. వాటి కాయలు ఉడతలకి పనికొస్తాయి కానీ మనకి కాదు. మనం తినే పండు ఇచ్చేవి, అంటే ఆపిల్, పియర్, ప్లమ్, పుల్ల చెర్రీ, పుట్టుకతోనే మధ్యరకం చెట్లు. పైగా తోటల వాళ్లు వాటిని కావాలనే కురచ చేశారు. ఆపిల్ అంటు కట్టేటప్పుడు కింద వాడే వేరు మొక్కను బట్టి చెట్టు ఎత్తు ఎనిమిది అడుగులా, పదిహేనా, పాతికా అన్నది తేలిపోతుంది. ఇంగ్లండ్‌లో ఈస్ట్ మాలింగ్ పరిశోధన కేంద్రం వాళ్లు ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వర్గీకరించిన ఎమ్-9 లాంటి వేరు మొక్కల మీదే ప్రపంచంలో చాలా ఆపిల్ తోటలు నడుస్తున్నాయి. చెట్టు పొట్టిగా ఉంటే కోత సులువు, మందు కొట్టడం సులువు, ప్రతి కాయకీ ఎండ తగులుతుంది. నీడ మాత్రం ఒక కుక్కపిల్ల పడుకోవడానికి సరిపోతుంది.

రెండూ ఇచ్చే చెట్టు అసలు లేదా అంటే, నల్ల వాల్‌నట్ ఉంది. పెద్దగా పెరుగుతుంది, చలికి తట్టుకుంటుంది, గింజ తినొచ్చు. కాకపోతే దాని వేళ్ల నుంచి జుగ్లోన్ అనే పదార్థం మట్టిలోకి దిగుతుంది. దాని చుట్టుపక్కల టమాటా, వంకాయ, ఆపిల్ బతకడం కష్టం. టమాటా లేని తెలుగువాళ్ల పెరడు ఎందుకు? దాన్ని అక్కడితో వదిలేశాం.

చలి అంటే ఒకటి కాదు, మూడు

మనకి జనవరిలో తెల్లవారుజామున పదహారు, పదిహేడు డిగ్రీలకి దిగితేనే బీచ్ రోడ్డులో వాకింగ్ చేసేవాళ్లు మఫ్లర్లు చుట్టుకుంటారు. అందుకే చలి అనగానే ఒకటే అనుకుంటాం. చెట్టుకి చలి మూడు రకాలుగా తగులుతుంది. మూడూ వేర్వేరు లెక్కలు. నర్సరీ వాళ్లు చీటీ మీద రాసేది మొదటి లెక్క ఒక్కటే.

ఆ మొదటిది, చంపే చలి. అమెరికా వ్యవసాయ శాఖ దేశాన్ని చలి మండలాలుగా విడగొట్టి మ్యాప్ వేస్తుంది. ఏడాదిలో అత్యంత చల్లటి రాత్రి ఎంతకి దిగిందో చూసి, అలాంటి ముప్పై ఏళ్ల రాత్రుల సగటు తీస్తారు. మండలం అంకె చిన్నదయ్యేకొద్దీ చలి ఎక్కువ. 2023లో వచ్చిన కొత్త మ్యాప్ 1991 నుంచి 2020 వరకు ఉన్న లెక్కల మీద వేసింది. పాత మ్యాప్‌లో 4బి మండలంలో ఉన్న మిన్నియాపోలిస్ ఇందులో 5ఎ మండలంలోకి వచ్చింది. అంటే సగటున అతి చల్లటి రాత్రి మైనస్ 26 నుంచి మైనస్ 29 డిగ్రీల మధ్య. ఇది చూసి మా మేనకోడలి భర్త సంబరపడ్డాడు, ఇంక 5వ మండలం చెట్లన్నీ వేసుకోవచ్చని. సగటు అన్న మాట దగ్గర ఆగమన్నాను. కొన్నేళ్లు దానికంటే కిందికి దిగుతుందనే కదా సగటు అంటే. చెట్టు ముప్పై, నలభై ఏళ్లు నిలబడాలి. ఒక్క చెడ్డ రాత్రి చాలు. అందుకే ఒక మండలం తక్కువ చూసి, 4కి లేదా 3కి తట్టుకునేదే కొనాలి. పీచ్ చెట్టు మీద ఆశ పెట్టుకున్నవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. చెట్టు బతికినా మైనస్ 25 దగ్గరకి వచ్చేసరికి దాని పూమొగ్గలు లోపలే నల్లబడిపోతాయి. ఆకులు కళకళలాడుతుంటాయి, పువ్వు ఉండదు.

రెండోది, నిద్రపుచ్చే చలి. దీన్ని నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. కొన్నేళ్ల కిందట ఒక నర్సరీలో “మన ఎండకి కాసే ఆపిల్” అని చెప్పి నడుం ఎత్తు మొక్క అంటగట్టారు. తెచ్చి పెరట్లో పెట్టాను. పాదు చేసి, వర్మీకంపోస్టు వేసి, సాకినట్టు సాకాను. ఆకులు వేసింది. నాలుగేళ్లు ఆకులే వేసింది. ఐదో ఏడు వానాకాలంలో వేరు కుళ్లి పోయింది. నర్సరీకి వెళ్లి అడిగితే “నీళ్లు ఎక్కువైపోయుంటాయి సార్” అన్నారు. ఆ మాట అబద్ధం కాదు. అసలు సంగతి మాత్రం అది కాదు.

ఆపిల్ మొగ్గ ముందు ఏడాది వేసవిలోనే తయారవుతుంది. తయారై, పడుకుంటుంది. అది మళ్లీ లేవాలంటే సుమారు 0 నుంచి 7 డిగ్రీల మధ్య చలిలో కొన్ని వందల గంటలు గడవాలి. మామూలు ఆపిల్ రకాలకి ఎనిమిది వందలు, వెయ్యి గంటలు కావాలి. అది చెట్టు పెట్టుకున్న అలారం అనుకోండి. చలికాలం మధ్యలో నాలుగు రోజులు ఎండ కాస్తే వసంతం వచ్చేసిందని మోసపోకుండా గంటలు లెక్కపెట్టుకుంటుంది. విశాఖలో ఆ గంటలు సున్నా. చెట్టు నిద్రపోనూ లేదు, లేవనూ లేదు. తక్కువ గంటలతో సరిపెట్టుకునే రకాలు ఉన్నాయి. ఇజ్రాయెల్‌లో పుట్టిన అన్నా, దాని జోడీగా వేసే డోర్సెట్ గోల్డెన్, మన దేశంలో హిమాచల్ రైతు హరిమన్ శర్మ బిలాస్‌పూర్ జిల్లాలో తయారుచేసిన హెచ్ఆర్ఎమ్ఎన్-99 అలాంటివే. ఆయనకి 2025లో పద్మశ్రీ వచ్చింది.

“మరి లంబసింగి ఉంది కదా” అంటారు ఇది చదివే విశాఖవాళ్లు. ఉంది. స్థానికులు దాన్ని కొర్రబయలు అంటారు, రాత్రి బయట పడుకుంటే పొద్దుటికి కర్రలా బిగుసుకుపోతారని. కొన్ని తెల్లవారుజాముల్లో సున్నా డిగ్రీల దగ్గరికీ వెళ్తుంది. కానీ లంబసింగి వెళ్లినవాళ్లకి ఇంకో సంగతి కూడా తెలుసు. ఏడింటికి చేతులు కొంకర్లు పోతాయి, పదకొండింటికి స్వెట్టర్ విప్పి నడుముకి కట్టుకుంటాం. చెట్టు లెక్కపెట్టేది గంటలు. తెల్లవారుజామున నాలుగు గంటలు జమ అయితే మధ్యాహ్నం వెచ్చదనం దానిలో కొంత చెరిపేస్తుంది కూడా. అందుకే చింతపల్లి, లంబసింగి వైపు ఆపిల్ ప్రయత్నాలు తక్కువ చలి రకాలతోనే. అక్కడ స్థలం కొన్నవాళ్లు ఫొటోలో చూసిన కశ్మీరు ఆపిల్ వేస్తే నా పెరటి కథే మళ్లీ జరుగుతుంది.

మిన్నియాపోలిస్‌కి ఈ రెండో బాధ లేదు. చలి గంటలు కావలసినన్ని. దాని తలనొప్పి మూడోది, మోసం చేసే చలి. మే మొదట్లో ఆపిల్ విరగబూస్తుంది. సరిగ్గా అప్పుడు ఒక రాత్రి మైనస్ 2 డిగ్రీలకి దిగితే పదింట ఒక పువ్వు పోతుంది. మైనస్ 4కి దిగితే పదింట తొమ్మిది పోతాయి. తేడా చూడండి, రెండే రెండు డిగ్రీలు. మన దగ్గర పూత మీద పొగమంచు పట్టి, వెనకాలే తేనెమంచు పురుగు దిగితే మామిడి రైతు పడే టెన్షన్ లాంటిదే ఇది. కాకపోతే అక్కడ ఒకే రాత్రిలో అయిపోతుంది. ఆప్రికాట్ అందరికంటే ముందు పూసి అందరికంటే ముందు దెబ్బతింటుంది.

నీడ చెట్టుకి ఈ మూడో చలితో పెద్ద పేచీ లేదు. లేతాకు మాడితే మళ్లీ వేస్తుంది. మనకి కావలసింది ఆకే కదా. పళ్ల చెట్టుకి ఏడాదిలో ఒక్క వారం గురి తప్పితే ఆ ఏడాది అంతే. నా దృష్టిలో రెండు చెట్ల మధ్య అసలు తేడా ఇది. నీడ చెట్టు బతికితే చాలు, తన పని చేసినట్టే. పళ్ల చెట్టు బతకడం సగం పని మాత్రమే.

చీపురుకర్ర చెప్పిన లెక్క

చెట్టు పేరు తరవాత, ముందు మీ పెరట్లో ఎండ ఎటు నుంచి ఎటు పోతుందో చూడండి అన్నాను. మా మేనకోడలు చీపురుకర్ర తీసుకెళ్లి మంచులో గుచ్చింది. ఐదు అడుగుల కర్ర. మధ్యాహ్నం దాని నీడ ఫొటో తీసి పంపింది. ఫిబ్రవరి కాబట్టి నీడ అప్పటికే కొంచెం తగ్గింది. డిసెంబరు 21న అయితే ఆ కర్ర నీడ పన్నెండున్నర అడుగులు దాటుతుంది. అదే రోజు అదే కర్ర మన రుషికొండ ఇసుకలో గుచ్చితే నీడ నాలుగున్నర అడుగులు కూడా ఉండదు. వాళ్లు 45 డిగ్రీల అక్షాంశం మీద ఉన్నారు, మనం 18కి కాస్త కింద. వాళ్ల చలికాలపు సూర్యుడు దక్షిణాన, నేల మీద రెండు బెత్తెల ఎత్తులోనే పాకుతూ పోతాడు.

ఇప్పుడు ఇంటికి దక్షిణాన యాభై అడుగుల మేపుల్ వేశామనుకోండి. డిసెంబరులో దాని నీడ సుమారు నూటపాతిక అడుగులు పడుతుంది. ఆకులు రాలిపోతాయిగా అంటారు. రాలినా కొమ్మలూ రెమ్మలూ కొంత ఎండని ఆపేస్తాయి. ఏడాదిలో ఆరు నెలలు హీటర్ నడిచే ఊళ్లో కిటికీలోంచి వచ్చే చలికాలపు ఎండ బంగారం. దాన్ని నీడ చెట్టుతో అడ్డుకోకూడదు.

వేసవిలో ఇల్లు కాగేది దక్షిణపు ఎండకి కాదు. మధ్యాహ్నం నెత్తి మీది ఎండని ఇంటి కప్పు, చూరు చూసుకుంటాయి. నాలుగు నుంచి ఎనిమిది దాకా పడమటి నుంచి ఏటవాలుగా కిటికీల్లోకి దూరే ఎండే కొంపముంచేది. అక్కడ జూన్‌లో తొమ్మిదైనా పూర్తిగా చీకటి పడదు. కాబట్టి నీడ చెట్టు చోటు పడమర. ఈ మాట చెప్పగానే పక్కనే కూచున్న మా అక్క, “మరి పడమర బరువుండాలి, ఈశాన్యం ఖాళీగా ఉండాలనే కదా మనవాళ్లూ అనేది” అంది. పడమర విషయంలో వాస్తుకీ సూర్యుడికీ గొడవ లేదు. దక్షిణం దగ్గర మాత్రం, అక్కడా బరువుండాలన్న మన వాస్తు మాట మిన్నియాపోలిస్‌లో పనిచెయ్యదు. దక్షిణాన వెయ్యాల్సింది పొట్టి ఆపిల్. దానికి రోజుకి కనీసం ఆరు నుంచి ఎనిమిది గంటల నేరు ఎండ కావాలి. పది, పన్నెండు అడుగుల చెట్టు, కాస్త దూరంగా ఉంటే ఇంటి ఎండని పెద్దగా ఆపదు. ఆగ్నేయం అయితే మరీ మంచిది, పొద్దుటి ఎండకి ఆకు మీద తడి త్వరగా ఆరి స్కాబ్ తెగులు తగ్గుతుంది.

మన అరకు వైపు కాఫీ తోటలు చూసినవాళ్లకి ఇక్కడ ఒక సందేహం రావచ్చు. అక్కడ సిల్వర్ ఓక్ నీడలోనే కాఫీ, ఆ సిల్వర్ ఓక్‌కే మిరియాల తీగ, అన్నీ ఒకే చోట. 2019లో జీఐ అనే భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న అరకు అరబికా అలా నీడలో పండినదే. మరి ఆపిల్‌ని ఓక్ కింద ఎందుకు వెయ్యకూడదు? కాఫీ అడవిలో పెద్ద చెట్ల కింద పుట్టిన మొక్క, నీడ దానికి పుట్టిల్లు. ఆపిల్ అలా కాదు. నీడలో పెడితే కొమ్మలు సన్నగా సాగి, కాయ రంగెక్కక, తెగులు పట్టి ఏడుస్తుంది.

చోటు విషయంలో ఇంకో మాట. చల్లగాలి నీళ్లలాగే పల్లానికి పారుతుంది. లంబసింగిలో అంత చలికి ఇదీ ఒక కారణం, కొండల మీది చల్లగాలి రాత్రంతా దిగి ఆ లోయలో నిలవ ఉంటుంది. పెరడు చిన్నదైనా అంతే. కంచె మూలన పల్లంలో పెట్టిన ఆపిల్ పూత మాడిపోయి, పది అడుగుల పైన మెరక మీద ఉన్నది దక్కొచ్చు.

ఉత్తరం, వాయవ్యం నుంచి వచ్చే శీతగాలికి స్ప్రూస్ లాంటి సతత హరిత చెట్లు వరసగా వేస్తే ఇంటికి దుప్పటి కప్పినట్టు ఉంటుంది. అది పెద్ద స్థలాలున్నవాళ్ల సంగతి.

త్వరగా పెరిగేదే కావాలంటే

“పదిహేనేళ్లు ఆగాలా నీడకి? త్వరగా పెరిగేది చెప్పండి మావయ్యగారూ” అన్నాడు మేనకోడలి భర్త. సిల్వర్ మేపుల్ చూశాడట, ఏడాదికి మూడు అడుగులు పెరుగుతుందని.

ఇక్కడ నేను హుద్‌హుద్ తుఫాను గురించి చెప్పక తప్పలేదు. 2014 అక్టోబరు 12. గంటకి దాదాపు 180 కిలోమీటర్ల గాలి. పొద్దున్న తలుపు సందులోంచి చూస్తుంటే ఎదురింటి తురాయి మొదలంటా లేచి మా ప్రహరీ మీద పడింది. ఆ చెట్టు వేళ్లు చూసి ఆశ్చర్యపోయాను, ఇంటంత చెట్టుకి పళ్లెమంత వేరు. సాయంత్రానికి వీధిలో నిలబడ్డ చెట్లకి కూడా ఆకులు పెద్దగా మిగల్లేదు. రెండు రోజుల తరవాత చూస్తే మిగిలిన ఆకులు ఉప్పుగాలికి కాలినట్టు గోధుమరంగు, కైలాసగిరి మొత్తం మోడు. మా మామిడి రెండు పెద్ద కొమ్మలు పోగొట్టుకుని నిలబడింది. త్వరగా పెరిగిన చెట్టు కర్ర మెత్తగా ఉంటుంది. గాలి రానంతకాలం ఆ సంగతి ఎవరికీ తెలియదు. మిన్నియాపోలిస్‌కి తుఫాను రాదు కానీ కొమ్మల మీద గడ్డకట్టే వాన వస్తుంది. వేలు మందం మంచుగడ్డ కట్టిన కొమ్మ బరువు ఎన్నో రెట్లు పెరుగుతుంది. సిల్వర్ మేపుల్ కొమ్మ కారు మీద పడేది అప్పుడే.

హుద్‌హుద్ తరవాత మనం చేసిన రెండో తప్పు కూడా చెప్పాను. త్వరగా పచ్చబడాలని ఊరంతా ఏడాకులపాల విరివిగా నాటేశారు. ఇప్పుడు చలికాలం మొదట్లో అన్నీ కలిసి పూస్తే ఆ ఘాటుకి తలనొప్పి, ఆయాసం అని సగం కాలనీలు గోలపెడుతున్నాయి. అమెరికా ఇదే తప్పు మనకంటే ముందు, మనకంటే పెద్దగా చేసింది. వీధుల నిండా ఎల్మ్ చెట్లు వేస్తే డచ్ ఎల్మ్ తెగులు వచ్చి తుడిచిపెట్టేసింది. మిన్నెసోటాలో 1970లలో అది ఉధృతంగా సాగింది. వాటి చోట ఆష్ చెట్లు నాటారు. 2002లో మిషిగన్‌లో ఆష్ చెట్లని తొలిచి చంపే పచ్చరంగు పురుగు బయటపడింది. 2009కల్లా మిన్నెసోటాకి వచ్చింది. అందుకని ఏ చెట్టు వేసినా ముందు ఆ వీధిలో ఒకసారి నడిచి రమ్మన్నాను. ప్రతి ఇంటి ముందూ మేపుల్ ఉంటే మీరు ఇంకో మేపుల్ వెయ్యకండి, అక్టోబరులో అది మన బాదం ఆకులా ఎంత ఎర్రగా మెరిసినా సరే.

మరి ఏది? బర్ ఓక్ అన్నిటికంటే గట్టిది, రెండు వందల ఏళ్లు నిలిచే చెట్టు. మనవల కోసం వేసేది. హాక్‌బెర్రీ మొండిది, ఏ మట్టయినా సరే అంటుంది. నాకు ఫొటోల్లో బాగా నచ్చింది హనీ లోకస్ట్. ఆకు చూడగానే మా మేనకోడలు “ఏటి మావయ్యా, ఇది అచ్చం చింతాకులా ఉంది” అంది. ఉండదా మరి, రెండూ ఒకే కుటుంబం. నర్సరీల్లో దొరికేవి ముళ్లు లేని రకాలు. చిన్న ఆకులు కాబట్టి నీడ పలచగా, జల్లెడ పట్టినట్టు పడుతుంది, కింద గడ్డి బతుకుతుంది. రాలిన ఆకుల్ని సంచులకెత్తే చాకిరీ కూడా తక్కువ.

ఆపిల్‌కి సగోత్రం పనికిరాదు

పళ్ల చెట్టు పక్షం వహించిన మా మేనకోడలికి రెండు విషయాలు తెలియవు. ఒకటి, ఒక్క ఆపిల్ చెట్టు వేస్తే సరిపోదు. బొప్పాయిలో మగ, ఆడ ఉన్నట్టు కాదు ఇది. ఆపిల్ పువ్వులో రెండూ ఉంటాయి, కానీ తన రకం పుప్పొడిని తానే తిరస్కరిస్తుంది. సగోత్రం అన్నమాట. అసలు మర్మం ఏమిటంటే, హనీక్రిస్ప్ అనే ఆపిల్ రకం చెట్లు ప్రపంచంలో ఎన్ని లక్షలున్నా అన్నీ ఒకే చెట్టు నుంచి కొమ్మలు కోసి కట్టిన అంట్లే. వంద హనీక్రిస్ప్‌లు పక్కపక్కన వేసినా గోత్రం మారదు. వేరే రకం ఆపిల్ ఒకటి, అదే సమయానికి పూసేది, వంద అడుగుల లోపు ఉండాలి. పక్కింటి వాళ్లు అందం కోసం వేసుకున్న క్రాబ్ ఆపిల్ అయినా సరే, తేనెటీగకి కంచెలు లెక్కలేదు. సంబంధం కుదరకపోతే పుల్ల చెర్రీ వేసుకోవచ్చు, దానికి ఈ పట్టింపులేవీ లేవు.

రెండోది చాకిరీ. మార్చిలో మంచులో నిలబడి కొమ్మలు కత్తిరించాలి. జూన్‌లో గుత్తికి ఒక్క పిందె ఉంచి మిగతావి గిల్లెయ్యాలి, లేకపోతే ఒక ఏడు విరగకాసి మరుసటి ఏడు మొహం చాటేస్తుంది. స్కాబ్‌కి, ఆపిల్ పురుగుకి మందు కొట్టాలి. మందు వద్దనుకుంటే పిందె గోళీకాయంత ఉన్నప్పుడే ఒక్కోదానికీ చిన్న సంచి తొడగాలి. మన దగ్గర మామిడికి కాగితం కవర్లు కట్టినట్టే. ఇద్దరూ ఉద్యోగాలు చేస్తూ, శని ఆదివారాలు పిల్లల ఈత క్లాసులకి తిప్పేవాళ్లు ఇది ఆలోచించుకోవాలి. చెయ్యలేమనుకుంటే పళ్ల చెట్టు వెయ్యొద్దు. రాలి కుళ్లిన ఆపిల్స్, వాటి మీద కందిరీగలు, రాత్రిళ్లు జింకలు. నేరేడు చెట్టు కింద తెల్ల కారు పెట్టినవాణ్ని అడగండి, పండు కూడా ఎప్పుడు బరువవుతుందో చెప్తాడు.

నీడ చెట్టుకి మొదటి రెండు మూడేళ్లు నీళ్లు చూసుకుంటే, తరవాత అది మనల్ని చూసుకుంటుంది. పండు మాత్రం ముందొస్తుంది. పొట్టి ఆపిల్ రెండు నుంచి నాలుగేళ్లలో కాస్తుంది. నాలుగైదేళ్లలో ఇల్లు అమ్మేసి ఇంకో ఊరు పోయేవాళ్లకి ఓక్ చెప్పడం అన్యాయం.

చెట్టు చిన్నప్పుడు మాత్రం రెండిటికీ ఒకటే గండం, బెరడు. మేనకోడలు ఆ కాల్‌లోనే పక్కింటి పెరట్లో నిరుడు వేసిన చిన్న ఆపిల్ చూపించింది. మంచు పైన జానెడు ఎత్తున, ముంజేతికి గాజు వేసినట్టు కాండం చుట్టూ తెల్లటి పట్టీ. కుందేళ్లు మంచు మీద నిలబడి బెరడు చుట్టూరా కొరికేశాయి. పక్కింటాయన ఏప్రిల్‌లో చిగురేస్తుందని చూస్తున్నాడట. చిగురైతే వేస్తుంది, కాండంలో మిగిలిన బలంతో. కానీ ఆకులో తయారైన ఆహారం వేరుకి దిగే దారి ఆ బెరడు లోపలి పొరే. ఆ పట్టీ దగ్గర దారి తెగిపోయింది. ఆ పట్టీకి కిందా పైనా ఉన్న బెరడు కలిసేలా రెమ్మలతో అంటు వంతెన కట్టకపోతే వేరు ఆకలితో చచ్చిపోతుంది. చెట్టు చుట్టూ మోకాలికి పైన వచ్చేలా, మంచు ఎత్తు కూడా కలుపుకుని, ఇనప జాలీ కట్టాలి.

చలికాలపు ఎండ కూడా బెరడుని చీలుస్తుంది. మధ్యాహ్నం నైరుతి ఎండకి లేత బెరడు వేడెక్కి మేలుకుంటుంది, సూర్యుడు దిగగానే మైనస్ ఇరవై. కణాలు పగిలి నిలువునా చీలిక. అక్కడ కాండానికి తెల్లటి గొట్టం తొడుగుతారు. మనవాళ్లు రోడ్డు పక్క చెట్లకి సున్నం, జాజు పట్టీలు వేస్తారు కదా, ఆ సున్నం కూడా ఎండని తిప్పికొడుతుంది.

టేపు పట్టుకుని కొలవమన్నాను. పడమర గోడ నుంచి కంచె దాకా నలభై రెండు అడుగులు. పెద్ద చెట్టుకి ఇంటి నుంచి కనీసం ఇరవై అడుగులు వదలాలి, పైన కరెంటు తీగలు ఉండకూడదు. రెండూ సరిపోయాయి. తవ్వే ముందు 811కి ఫోన్ చేస్తే గ్యాసు, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో డబ్బు తీసుకోకుండా వచ్చి గుర్తుపెట్టి వెళ్తారు. అది మర్చిపోవద్దని రెండుసార్లు చెప్పాను. తరవాత ఆగ్నేయం మూల కొలిపించాను. పదిహేను అడుగులు, రోజంతా ఎండ. “ఇది చెట్టుకి సరిపోదనుకున్నాం” అంది. మామిడికి సరిపోదు. పొట్టి ఆపిల్‌కి ధారాళంగా సరిపోతుంది. ఒక్క చెట్టుకే జాగా అని వాళ్లు మొదట్నుంచీ మామిడి కొలతతో కొలిచారు.

పడమర చోటు లేక, తూర్పు, దక్షిణాలే మిగిలినవాళ్లయితే నేను పళ్ల చెట్టే వెయ్యమంటాను. పడమర ఒక్కటే ఉండి, చాకిరీ చేసే ఓపిక లేకపోతే నీడ చెట్టు.

వాళ్లు మే నెలలో పడమర హనీ లోకస్ట్ వేశారు. మొక్కని లోతుగా పాతొద్దు, కాండం వేరుగా విచ్చుకునే చోటు నేల పైకి కనపడాలి అన్నాను. మన అలవాటుకొద్దీ పాదు చేసి మొదట్లో మట్టి ఎగదొయ్యబోయింది, ఆపించాను. ఆగ్నేయాన ఆపిల్. హనీక్రిస్ప్ వెయ్యమంటారనుకుంది, మిన్నెసోటా విశ్వవిద్యాలయం 1991లో విడుదల చేసిన సొంతింటి రకం కదా. అది దుకాణంలో ఎలాగూ దొరుకుతుంది. అదే విశ్వవిద్యాలయం 1922లో ఇచ్చిన హారల్సన్ వెయ్యమన్నాను. చలికి మొండిది, బాగా కాస్తుంది, పులుపు. వీధిలో క్రాబ్ ఆపిల్ ఉండనే ఉంది.

పులుపు అనగానే మా అక్క ఫోన్ లాక్కుంది. అక్కడ మనవాళ్లు పచ్చి ఆపిల్‌తో పులిహోర, ముక్కల పచ్చడి చేసుకుంటారని ఆమె వింది. ఆవపిండి ఎంత, నూనె ఎంత, ముక్క ఎన్ని రోజులు నిలుస్తుంది అని పావుగంట మాట్లాడి ఫోన్ పెట్టేసింది. పెట్టేసి, నా వైపు తిరిగి, “అంతా బాగానే ఉంది కానీ, టెంక లేని ముక్కతో అదేం ఆవకాయరా” అంది.